దేవమణి గారి ఒక్క నియమం

“గంట కిందట అరవై రెండు వేలు. అరగంట కిందట నలభై ఒకటి. ఇప్పుడు ఇరవై ఎనిమిది. ఇంకో గంటకి ఏటి మిగుల్తాదండి?”

ఫోనులో అవతల ఉన్నది మెర్సీ భర్త ఫిన్నీ. గూడ్సు షెడ్డులో పనిచేసే మనిషి. వ్యాగన్లు లెక్కపెట్టడం వచ్చుగాని ప్లేట్‌లెట్లు ఒంట్లో ఎక్కడుంటాయో అతనికి తెలియదు.

“పాప ఏటి సేస్తంది?” అన్నాడు.

“బిస్కట్టు తింటంది.”

“మరి బాగానే ఉన్నాది కదే!”

“మీకు సైన్సు తెల్దు, ఊరుకోండి,” అని మెర్సీ ఫోను పెట్టేసింది.

మెర్సీకి సైన్సు తెలుసు. బీయస్సీ చదివింది, ఆపైన ల్యాబు టెక్నీషియన్ కోర్సు చేసింది. కొత్తవలసలో ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో నాలుగేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ రక్తాలన్నీ పరీక్ష చేస్తోంది. అది 2017 అక్టోబరు. వీధికి ఇద్దరు చొప్పున జ్వరంతో పడుకుని ఉన్నారు. ఆమె పద్నాలుగు నెలల కూతురు గ్లోరీకి మూడు రోజులుగా జ్వరం. పిల్లల డాక్టరు గారు, “ప్లేట్‌లెట్లు లక్ష దాటి ఉంటే ఇంట్లోనే చూద్దాం, తగ్గితే విశాఖపట్నం తీసుకెళ్ళండి,” అన్నారు. మెర్సీ తనే పాప చేతిలోంచి రక్తం తీసింది. తనే మిషనులో పెట్టింది. అంకె నమ్మలేక మళ్ళీ పెట్టింది, మళ్ళీ నమ్మలేక ఇంకోసారి పెట్టింది.

ఆ తర్వాత సైన్సు చదివిన మనిషి చేయాల్సిన పనే చేసింది. గ్రూపులో అడిగింది.

ఆ గ్రూపు సంగతి చెప్పాలంటే దేవమణి గారి సంగతి చెప్పాలి. శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి. ఆవిడ తండ్రి కృపానిధి గారు మిషన్ ఆసుపత్రిలో గాజు స్లైడులు కడిగే ఉద్యోగి. కడిగే ముందు వాటిని కూతురికి చూపించేవాడు. పదేళ్ళ వయసులో తోటిపిల్లలు గవ్వలు ఏరుకుంటుంటే దేవమణి మలేరియా క్రిములు ఏరింది. ఇప్పుడు అరసవల్లి దగ్గర అద్దె ఇంట్లో ఉంటుంది. ఆదివారం జనమంతా ఆటోల్లో సూర్యుడి గుడివైపు వస్తుంటే, ఆవిడ ఒక్కతే బైబిలు సంచీ పట్టుకుని ఎదురు నడిచి చర్చికి పోతుంది. ఎదురు నడక ఆవిడకు అక్కడే అలవాటైందని అంటారు.

2014లో ఆవిడ తొమ్మిదిమంది టెక్నీషియన్లతో వాట్సాప్‌లో ‘మైక్రోస్కోపు మిత్రులు’ మొదలుపెట్టింది. పద్ధతి తేలిక. కాగితపు టీ గ్లాసు అడుగున చిల్లు చేసి మైక్రోస్కోపు మీద బోర్లించాలి, చిల్లుకి ఫోను ఆనించి ఫోటో తీయాలి, గ్రూపులో పెట్టాలి. ఎవరికి తెలిస్తే వాళ్ళు చెప్తారు. నియమం ఒక్కటే: స్లైడు చూశాకే ప్రశ్న. మిషను చెప్పిన అంకె పట్టుకుని వస్తే ఆవిడ ఊరుకునేది కాదు. “మిషనుకి కళ్ళున్నాయేటి? నీకున్నాయి కదా!” అనేది.

పైసా ఖర్చు లేని సలహా ఎంత దూరమైనా పోతుంది. రెండు జిల్లాల వాళ్ళూ చేరారు. వంద దాటింది, రెండొందలు దాటింది, 256 దగ్గర ఆగింది. వాట్సాప్ అంతకు మించి ఒప్పుకోదు. రెండో గ్రూపు పెట్టారు. రెండో గ్రూపులో ఉన్నవాళ్ళు తాము రెండో రకం టెక్నీషియన్లమా అని అలిగారు. మొదటి గ్రూపులోకి రావడానికి వెయిటింగ్ లిస్టు తయారైంది.

ఇంతమందికి ఒక క్రమం ఉండాలన్నది విజయనగరం రమేష్‌బాబు. అతను చెడ్డవాడు కాదు. జీతం లేకుండా, ఎవరూ అడగకుండా, రోజూ పొద్దున్నే అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుని పూలబొమ్మలు పంపే మనిషి. అతని చొరవతో అడ్మిన్లు ఏడుగురయ్యారు. జిల్లా సమన్వయకర్తలు వచ్చారు. నియమావళి రాయడానికి ఉపసంఘం పడింది. ఫోనులో తెలుగు తప్పుల్లేకుండా కొడుతుందని మెర్సీని అందులో వేశారు. మెర్సీ పొంగిపోయి, ఎడమచేత్తో పాపకి పాలుపడుతూ, కుడిచేత్తో ఇరవై ఒక్క నియమాలు కొట్టింది. పాత నియమాన్ని మాత్రం తీసేసింది. అది అందరికీ తెలిసిందేగా, చోటు దండగ అనుకుంది.

పద్నాలుగో నియమం: ప్రశ్నలు, జవాబులు సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకే. మూడు హెచ్చరికలు దాటినవారిని వారం రోజులు తొలగించాలి.

ఆ నియమం కింద తొలగిపోయిన మొదటి మనిషి దేవమణి. పలాస వైపు నుంచి ఎవరో పొద్దున్న పదకొండింటికి, రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని స్లైడు ఫోటో పెడితే, ఆవిడ నాలుగు నిమిషాల్లో జవాబిచ్చింది. ఆ వారంలో అది నాలుగోసారి. వారం పోయాక తిరిగి చేర్చుకుందామంటే ఖాళీ లేదు. ఆవిడ జాగాలోకి వెయిటింగ్ లిస్టులోంచి ఒకరు వచ్చేశారు. గ్రూపు పెట్టిన మనిషి ఇప్పుడు అదే లిస్టులో ముప్పై ఏడో నంబరు. మెర్సీకి ఇది తెలుసు. అందుకే నాలుగు నెలలుగా ఆవిడకు ఫోను చేయలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం మూడింటికి మెర్సీ గ్రూపులో మూడు అంకెలూ పెట్టి, “నా పాప. ఏం చేయాలి?” అని రాసింది. నిమిషంలో జవాబులు మొదలయ్యాయి. పద్నాలుగు నమస్కారాలు. ‘ప్రభువు చూసుకుంటాడు’ ఒకటి, ‘స్వామి కాపాడుతాడు’ రెండు. బొప్పాయి ఆకు రసం తీసే విధానం, వేరువేరు కొలతలతో నాలుగుసార్లు. ఆరోజే విజయనగరం సమన్వయకర్త ఎన్నిక కాబట్టి, నడుమనడుమ బొటనవేళ్ళు. అవి తన పాపకో, అభ్యర్థికో తెలియలేదు. ఆఖరున ఎవరో అడ్మిన్: ‘సోదరి గారు సమయపాలన పాటించగలరు. మొదటి హెచ్చరిక. పాప త్వరగా కోలుకోవాలి.’

తను కొట్టిన నియమమే. ఎక్కడా అక్షరదోషం కూడా లేదు.

పాప ఈలోగా బిస్కట్టు ముగించి కుర్చీకింద దూరింది. మెర్సీ దేవమణి నంబరు నొక్కింది.

“అక్కా, నేను మెర్సీని…”

“ఏ మెర్సీ? పద్నాలుగో నెంబరు మెర్సీయేనా?”

మెర్సీకి ఏడుపు వచ్చేసింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. అవతల గొంతు మారింది.

“ఒసే, ఏడుపాపు. పాప ఒంటిమీద ఎర్రమచ్చలేవైనా ఉన్నాయా? పాలు తాగతందా? ఉచ్చ పోస్తందా?”

“మచ్చల్లేవు. తాగతంది. ఇందాకే నా చీరంతా తడిపింది.”

“మంచిది. రక్తం ఎన్నిసార్లు తీసినావు?”

“ఒక్కసారే అక్కా. పసిపిల్ల కదా, మళ్ళీ గుచ్చబుద్ధి కాలేదు. ఆ ట్యూబే మూడుసార్లు పెట్టాను.”

“అయితే గంటనుంచి తగ్గతంది నీ పాపలోనా? ట్యూబులోనా?”

మెర్సీకి తను చదివిన పుస్తకంలో ఆ పేజీ గుర్తొచ్చింది, కుడివైపు, కిందిభాగంలో. రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో వేసే మందు కొందరి ప్లేట్‌లెట్లకు పడదు. అవి ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలవుతాయి. ఎంతసేపు ఉంచితే అంత. మిషను ముద్దని ప్లేట్‌లెట్టుగా లెక్కపెట్టదు. ఆ ప్రశ్నకి పరీక్షలో తనకి మార్కులు కూడా వచ్చాయి.

“స్లైడు సూసినావా?” దేవమణి అడిగింది.

“లేదక్కా.”

“మరి దేన్ని సూసి ఏడస్తన్నావే? ఎల్లు. పాప ఏలు గుచ్చి, ఆ సుక్కతో నేరుగా ఒకటి తియ్యి. ట్యూబులోదాంతో ఒకటి తియ్యి. రెండూ సూసి ఫోన్ సెయ్యి. ముద్దలు లేపోతే ఆలీసం సెయ్యకు, విశాఖ బండెక్కీ.”

వేలు గుచ్చితే పాప మూడు వీధులకు వినిపించేలా ఏడ్చింది. అంత బలంగా ఏడుస్తున్నందుకు మెర్సీకి మొదటిసారి ధైర్యం వచ్చింది. రంగు పోసిన స్లైడులు ఆరడానికి పట్టిన పావుగంట ఆమె జీవితంలో చాలా పొడవైనది. ట్యూబు స్లైడు చివర, దేవమణి చెప్పినట్టే, ప్లేట్‌లెట్లు సంతలో జనంలా గుంపులుగుంపులుగా అతుక్కుని ఉన్నాయి. వేలి రక్తం స్లైడులో ఎక్కడివక్కడ విడివిడిగా ఉన్నాయి. ఎక్కడ చూసినా పది, పన్నెండు. లెక్క కడితే లక్షన్నర పైమాటే.

“ముద్దలే అక్కా,” అంది ఫోనులో.

“ఆ రెండు స్లైడులూ డాక్టరు గారికి సూపించు. జ్వరం ఉన్నాది కాబట్టి రేపు మళ్ళీ సూడు. ట్యూబు నమ్మకు.”

“అక్కా, మిమ్మల్ని తీసేసినప్పుడు నేను నోరు…”

“నన్ను తీసీసినకాడినుంచి నా ఫోను సార్జింగు రెండ్రోజులొస్తంది. మీ రమేష్‌బాబుకి నా దండాలని సెప్పు. గానీ ఒక్కటి సెప్పవే. ఇరవై ఒకటి రాసినావు, నాదొక్కటి ఎందుకు కొట్టీసినావు?”

“అది అందరికీ తెలిసిందే కదాని.”

“అందరికీ తెలిసిందే ముందు మర్సిపోతారు. నువ్వే మర్సిపోనావు.”

రెండోరోజు సాయంత్రానికి గ్లోరీకి జ్వరం దిగింది. ఏడు దాటాక, నిబంధన ప్రకారం, మెర్సీ గ్రూపులో రాసింది: పాత నియమాన్ని ఇరవై రెండోదిగా చేర్చాలి, దేవమణి గారిని లిస్టు చూడకుండా తిరిగి తీసుకోవాలి, ఆవిడ కోసం తన జాగా ఖాళీ చేస్తానని. రమేష్‌బాబు చాలా మర్యాదగా జవాబిచ్చాడు. మొదటి అంశం ఉపసంఘానికి పంపుతున్నామన్నాడు. రెండోదానికి, ఖాళీ అయ్యే జాగా లిస్టులో ఒకటో నంబరుకే చెందుతుందని గుర్తుచేశాడు. ఉపసంఘంలో ఇప్పటికీ ఆ కాగితం ఉంది. ఉపసంఘంలో పనిచేసేది మెర్సీ ఒక్కతే, కానీ కోరానికి ముగ్గురుండాలి.

మెర్సీ ఆ రాత్రే గ్రూపులోంచి బయటికొచ్చింది. ఒకటో నంబరు ఎవరో ఆనందంగా లోపలికెళ్ళి అందరికీ శుభోదయం చెప్పారు, రాత్రి తొమ్మిదింటికి.

గ్లోరీ ఇప్పుడు నడుస్తుంది, పడుతుంది, గోడమీది సున్నం తింటుంది. రోజుకి మూడుసార్లు మెర్సీ గుండె ఆగినంత పనవుతుంది, చెయ్యి ఫోను మీదికి పోతుంది. అప్పుడు ఫోను బల్లమీద బోర్లించి, పాపను వెలుతురులోకి తీసుకెళ్ళి, నోరు తెరిపించి, ఒళ్ళంతా చూస్తుంది. ఆ శనివారం ఫోను పెట్టేముందు దేవమణి అన్న మాట అది:

“బయపడొద్దని నేను సెప్పనమ్మా, తల్లివి. ముందు సూడు. తరవాత బయపడు.”