మళ్ళీ కొట్టిన బడిగంట

మామిడి సొన వాసన నాకు మనిషి కంటే ముందే తెలిసిపోతుంది. నిన్న ఉదయం మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే గుమ్మం వైపు నుంచి ఆ ఘాటు వాసన వచ్చింది. తలెత్తి చూస్తే, బుగ్గ మీద సొన కాల్చిన నల్లటి మచ్చతో ఒక పిల్ల తల్లి కొంగు పట్టుకుని నిలబడి ఉంది. బడులు తెరిచి అప్పటికే రెండు వారాలు. మా నూజివీడు వైపు ఇది వింతేమీ కాదు. ఆఖరి కోత అయ్యేదాకా తోట కాపలావాళ్ళ పిల్లలు బడికి రారు. ఆ పిల్ల చూపు చూడగానే నాకు సుగుణ టీచర్ గుర్తొచ్చారు.

మా నాన్న కూడా కాపలామనిషే. వేసవంతా మా కాపురం తోటలోని పాకలోనే. రసాలు తినడంలో ఉన్న శ్రద్ధ చదువులో ఉండుంటే నేను ఈపాటికి కలెక్టర్ని అయ్యేవాణ్ణి. అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. చదువంటే ప్రాణం. ఒక ఏడు ఇలాగే ఆలస్యంగా బడికి వెళ్ళి గుమ్మంలో నిలబడింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అందరూ ఒక్కసారిగా తలలు తిప్పి చూశారు, అంతే. సిగ్గుతో వెనక్కి వచ్చేసింది. ఆ ఏడంతా అమ్మ వెంట కూలికి పోయింది.

మరుసటి ఏడు నేను మూడో తరగతికి రావాలి. కోత మళ్ళీ ఆలస్యమైంది. "ఈపాటికి వాళ్ళంతా ముందుకెళ్ళిపోయుంటారు. వీడు కూడా దానిలాగే తిరిగొచ్చాడంటే ఇంక మానిపించేద్దాం" అంది అమ్మ. నన్ను దిగబెట్టి రమ్మని అక్కనే పంపింది. దారి పొడవునా అక్క ఒకటే మాట: "ఎవరైనా చూస్తే చూడనీ. నువ్వు మాత్రం తిరిగి రాకు." బడి ఆవరణలోకి వచ్చాక తను బోరింగు దగ్గరే ఆగిపోయింది.

సుగుణ టీచర్ ఆ ఏడే మా బడికి కొత్తగా వచ్చారు. రోజూ నూజివీడు నుంచి బస్సులో వచ్చేవారు. మనిషి లావు, గొంతు ఇంకా లావు. కోపమొస్తే సుద్దముక్క విసిరేవారు కానీ ఒక్కటీ ఎవరికీ తగిలిన పాపాన పోలేదు. అన్ని తరగతులూ ఒకే గదిలో. నేను గుమ్మంలో నిలబడగానే గది గదంతా నా వైపు తిరిగింది. నా కాళ్ళు అప్పుడే వెనక్కి లాగుతున్నాయి.

"ఎవరబ్బాయివిరా?" అన్నారు టీచర్.

"కాపలా కోటయ్య కొడుకునండీ."

"సొనతో మూతంతా కాల్చుకున్నావు కదరా! ఎన్ని తిన్నావేంటి?" అంటూ సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి నా మూతికి రాశారు. తర్వాత గది వైపు తిరిగి, "అందరూ లేవండి. బయటికి పదండి" అన్నారు.

"ఇంటర్వెల్లా టీచర్?"

"కాదు. బడి మొదలెడదాం."

"ఎప్పుడో మొదలైపోయింది కదండీ!" అన్నాడు శేషు. మేము కాపలా కాసే తోట వాళ్ళదే. ఫ్యాన్ కింద చోటు కూడా వాడిదే.

"వీడు రాకుండా ఎట్లా మొదలవుద్దిరా?"

అందరం బయట వరసలో నిలబడ్డాం. బోరింగు దగ్గరున్న అక్కను టీచర్ అప్పుడు చూశారు. "ఏమ్మా, లైన్లోకి రావా?"

"నేను మానేశానండీ."

"ఎప్పుడు?"

"పోయినేడండీ."

"అది పోయినేడు కదా. ఇవాళ మొదటిరోజు. రా."

అక్క వచ్చి నా వెనక నిలబడింది. గంట కొట్టారు, ప్రార్థన అయింది, అందరితోపాటు లోపలికి నడిచింది. ఈసారి తల తిప్పి చూడటానికి గదిలో ఎవరూ లేరు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నాం. ఫ్యాన్ కింద చోటు అక్కకు దక్కింది. శేషు మూతి ముడుచుకుని, "ఇది పాత పాఠమే టీచర్" అన్నాడు. "నీకొచ్చుగా, అయితే వాడికి నువ్వే చెప్పు" అన్నారావిడ. వాడు చెప్పాడు కూడా, కాస్త బడాయిగా. తర్వాత ఇంకొందరు తోటల పిల్లలు వచ్చారు. వచ్చినప్పుడల్లా బడి మళ్ళీ మొదలైంది. చివరికి గుమ్మంలో కొత్త మొహం కనబడితే చాలు, శేషే గంట దగ్గరికి పరిగెత్తేవాడు. మాకైతే అది పండగే, ఆ కాసేపు ఎక్కాలు అప్పజెప్పక్కర్లేదుగా!

టీచర్ రిటైరైన రోజున అడిగాను, అదంతా అక్క కోసమే చేశారా అని. ఆవిడ నవ్వారు. "మీ అక్కెవరో నాకు అప్పటికి తెలియనే తెలియదురా. ఆ బడికి నేనూ కొత్తే కదా. మొదటిరోజు నేను గుమ్మంలో నిలబడితే మీవాళ్ళంతా ఎట్లా చూశారో తెలుసా? తిరిగి బస్సెక్కేద్దామనిపించింది."

అక్క పదో తరగతి పాసైంది. ఇప్పుడు చాట్రాయిలో అంగన్‌వాడీ టీచరు. నేను మా పక్క ఊరి బడిలోనే పంతుల్ని. సుగుణ టీచర్ నాకు నేర్పిన ఎక్కాల్లో సగం మర్చిపోయాను గానీ ఆ ఒక్క ఉదయం మాత్రం పొల్లుపోలేదు. ఆవిడంటే నాకున్న ప్రేమ ఇంతని చెప్పలేను.

నిన్న రాత్రి అన్నాల వేళ అక్క ఫోన్ చేసింది. బడులు తెరిచినప్పటి నుంచీ రోజూ అదే ప్రశ్న.

"ఏరా, బడి మొదలైందా?"

"ఇవాళే మొదలైందక్కా" అన్నాను.