మా ఆయన చూసొచ్చిన ట్రైలర్

పెళ్ళయిన పదో రోజున నేను చదువు కోసం కెనడా విమానం ఎక్కాను. మా ఆయనకి వర్క్ పర్మిట్ వచ్చి నేనుండే కిచెనర్ ఊళ్ళో దిగేసరికి ఏడాది దాటింది. వచ్చాడు కదా, ఇక కాపురమే అనుకున్నాను. కాపురం పెట్టాలంటే ముందు ఒక గది ఉండాలన్న సంగతి నా మట్టిబుర్రకి అప్పటిదాకా తట్టలేదు.

కాలేజీలన్నీ మన పిల్లలతో కిటకిటలాడుతున్న రోజులవి. ఏ బేస్‌మెంట్ చూసినా అరడజను మంది. నేనుండే ఇంట్లో గోడ నుంచి గోడ దాకా పరుపులు పరుచుకుని ఆడపిల్లలం పడుకునేవాళ్ళం. ఆయన నాలుగు వీధుల అవతల, మగపిల్లల ఇంట్లో, హాల్లో సోఫా పక్కన. జంటకి గది కావాలంటే ఇంటివాళ్ళు మొహం అదోలా పెట్టేవారు. అదే గదిలో ముగ్గురు కుర్రాళ్ళని పెట్టొచ్చని వాళ్ళకి తెలిసిపోయింది. దాంతో మొగుడూ పెళ్ళాలం బస్టాండులో కలుసుకుని, మాల్‌లో ఒక కాఫీ ఇద్దరం తాగి, ఎవరింటికి వాళ్ళం పోయేవాళ్ళం. చూసినవాళ్ళు ఇంట్లో చెప్పకుండా ప్రేమించుకుంటున్నారనుకునేవారేమో. మాది నలుగురు పెద్దలు కూర్చుని కుదిర్చిన పెళ్ళి మహాప్రభో!

నా రూమ్మేట్లు పాపం మంచివాళ్ళే. "అక్కా, మేం గ్రోసరీకెళ్ళి మెల్లగా వస్తాం, అన్నని రమ్మను" అని ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటూ వెళ్ళేవారు. ఆ నవ్వులకి నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. ఆయన వస్తే ఇద్దరం కుక్కర్ ముందు కూర్చుని, పప్పు ఉడికేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఏ క్షణాన తాళం తిరుగుతుందోనని ఆయన చూపు తలుపు మీదే ఉండేది. లోపల గడి పెట్టుకోగలిగే తలుపున్న ఒక్క గది, మా ఇద్దరికీ. దేవుణ్ణి నేను ఇంకేమీ అడగలేదు.

మేం వెళ్ళే చర్చిలో ఒక అంకుల్ ఉండేవారు. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది. ఒక గిడ్డంగిలో సూపర్‌వైజర్. మా ఆయనకి అక్కడ పని ఇప్పించింది కూడా ఆయనే. దెబ్బతిన్న బళ్ళు వేలంలో కొని, సెలవు రోజుల్లో బాగుచేసి అమ్మడం ఆయనకి సరదా. ఒకరోజు మా ఆయన బస్టాండులో నన్ను చూస్తూనే పరుగెత్తుకొచ్చాడు.

"గది దొరికింది! అంకుల్ దగ్గర క్యాంపర్ ట్రైలర్ ఉంది."

కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు అది. ఇక్కడివాళ్ళు ఎండాకాలం పిల్లల్నేసుకుని సరస్సుల పక్కన అందులో కాలక్షేపం చేస్తారు. మంచం, పొయ్యి, సింకు, అన్నీ ఉంటాయి. మాకు అందేంత చవకగా ఎందుకిస్తున్నారని అడిగాను.

"సాల్వేజ్ టైటిల్ అంట. అంటే బాగుచేయడం దండగని ఇన్సూరెన్స్ వాళ్ళు ముద్రేసేస్తారు. వాళ్ళకేం, చిన్న దెబ్బకీ అదే ముద్ర. చెట్టు కొమ్మ పడి పైకప్పు సొట్టపోయింది, అంతే. అంకుల్ బాగుచేసేశారు."

"అంకుల్ చెప్పారా?"

"అంకులే చెప్పారు."

నేను తేలిగ్గా నమ్మే మనిషిని కాను. వంకాయలు కొన్నా ఒక్కోటీ తిప్పి చూస్తాను. వాన కారుతుందేమో కనుక్కోమన్నాను. కారదన్నారని చెప్పాడు. నేల గట్టిదేనా అంటే, గట్టిదేనన్నారన్నాడు. అంకుల్‌ని నేరుగా అడగొచ్చు కదా అంటారేమో. ఆదివారం వాళ్ళింటికి వెళ్తే ఆంటీ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, పళ్ళెం నిండా అన్నం పెట్టి చేపల పులుసు పోసేది. మగవాళ్ళిద్దరూ బయట ట్రైలర్ చుట్టూ తిరుగుతూ మాట్లాడుకునేవారు. వాళ్ళ పులుసు తింటూ, వాళ్ళు ఇప్పించిన పని చేసుకుంటూ, "మీ బండిలో లోపాలేంటండీ" అని అడగడానికి నాకు నోరు రాలేదు. బేరం మగవాళ్ళు చూసుకుంటారు, మనకెందుకులే అనుకున్నాను. ఇంత చదువూ చదివి!

స్థలం మాత్రం నేనే సంపాదించాను. నేను పనిచేసే కాఫీ షాపుకి రోజూ వచ్చే ఒక రైతు, ఊరి బయట తన మొక్కజొన్న చేను పక్కన మంచు పడేదాకా ఉండమన్నాడు. అంకుల్ తన ట్రక్కుతో ట్రైలర్ని లాక్కొచ్చి అక్కడ నిలబెట్టారు. ఆంటీ సేమ్యా పాయసం తెచ్చింది. గృహప్రవేశమంటే ప్రార్థన ఉండాలిగా మరి.

మొదలుపెట్టబోతూ అంకుల్ నా వైపు తిరిగి, "అన్నీ చూసుకునే కదమ్మా తీసుకున్నారు?" అన్నారు.

"మీరుండగా మాకేంటి అంకుల్!" అన్నాను, పెద్ద తెలివిగలదానిలా.

నలుగురం ట్రైలర్ గోడ మీద చేతులు పెట్టి కళ్ళు మూసుకున్నాం. "ఈ బిడ్డలు అన్నీ తెలిసే ఈ చిన్న ఇంటికి ఒప్పుకున్నారు ప్రభువా, వీళ్ళ ఓపికని దీవించు" అని అంకుల్ ప్రార్థించారు. ఎంత వినయంగా ప్రార్థిస్తున్నారో అనుకుని నా కళ్ళు చెమ్మగిల్లాయి. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, అందరికంటే పైకి ఆమెన్ అన్నాడు.

ఆ తర్వాతి రోజుల గురించి అబద్ధం చెప్పను. అంత సంతోషంగా నేను అంతకుముందు లేను. నలుగురిలో ఆయన్ని 'మీరు' అనీ అనీ విసుగెత్తిపోయి ఉన్నానేమో, అక్కడ రోజంతా 'నువ్వు, నువ్వు' అని పిలిచేదాన్ని. పొద్దున్నే ఆయన టీ పెట్టేవాడు. తలుపు మెట్టు మీద ఇరుక్కుని కూర్చుని చేను చూస్తూ తాగేవాళ్ళం. నా పెద్ద సూట్‌కేసుని మంచం పక్కన పెట్టి, "అది అక్కడే ఉండనీ, తలుపు దగ్గరైతే నీ కాలికి తగుల్తుంది" అన్నాడు. నా కాలి గురించి ఇంత ఆలోచించే మొగుడు ఎవరికి దొరుకుతాడని మురిసిపోయాను.

జూలైలో వానలు పట్టుకున్నాయి. ఎన్ని కిటికీలు తెరిచినా లోపల ముక్కిన వాసన. మంచం వైపు గోడకి అతికించిన తెల్ల షీటు బుడగలా ఉబ్బింది. వాసన ఎక్కణ్ణుంచో చూద్దామని ఒకరోజు సూట్‌కేసు లాగి, అక్కడ కాలు పెట్టాను. మోకాలి దాకా నేలలోకి దిగబడిపోయాను. పిక్క చీరుకుపోయి నెత్తురు కారింది. పై షీటు చింపి చూస్తే కింద చెక్క టీలో నానిన రస్కులా చేతికి ఊడొచ్చింది. గోడ షీటు లాగితే అక్కడా అంతే, నల్లటి బూజు. కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. పిక్క నొప్పికి కాదు. నా గది అది.

మా ఆయన షిఫ్ట్ నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ముందు నా కాలు చూశాడు, తర్వాత ఆ గుంట చూశాడు.

"చూశావా నీ అంకుల్ చేసిన పని! పైన రంగు పూసి పుచ్చు చెక్క అంటగట్టాడు. దేవుడి పేరెత్తి మరీ మోసం చేశాడు. లే, వెళ్దాం పద."

"ఇప్పుడెందుకే గొడవ? నేను బాగుచేస్తాలే."

"నీ మంచితనమే మన కొంప ముంచుతోంది. పద ముందు!"

ఎండ ఇంకా తగ్గలేదు. చేను దగ్గరికి మారాక కొనుక్కున్న మా పాత కారులో పిక్కకి చున్నీ చుట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా ఏమేం అనాలో గట్టిగా అనుకుంటూ వెళ్ళాను. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. పాపం, అన్నం పెట్టిన మనిషిని నిలదీయాల్సి వస్తోందని బాధపడుతున్నాడనుకున్నాను.

ఆంటీ తలుపు తీసి "వందనాలమ్మా" అంది. తిరిగి వందనాలు చెప్పలేదు నేను. అంకుల్ సోఫాలోంచి లేస్తుండగానే నోరు విప్పాను.

"మీకు మనసెలా వచ్చిందండీ? గోడ మీద చెయ్యేసి ప్రార్థన చేశారు. ఆ గోడ లోపల ఏముందో మీకు తెలీదా? మా ఆయన నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి. మీరేం చెప్తే అది నమ్మాడు. పని ఇప్పించారు కదా, ఏం అంటగట్టినా నోరెత్తడనుకున్నారా? ఆయన అమాయకుడు కాబట్టి మీ ఆటలు సాగాయి!"

ఇంకా ఏవేవో అన్నాను. అంకుల్ అడ్డుపడలేదు. నాకు ఆయాసం వచ్చి ఆగేదాకా చూసి, నన్ను దాటి మా ఆయన వైపు తిరిగారు.

"నువ్వు చెప్పలేదా బాబూ?"

మా ఆయన తల వంచుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు.

"ఏం చెప్పాలి?" అన్నాను నేను.

"వరద నీళ్ళలో నానిన బండమ్మా అది. నేలెక్కడ పుచ్చిందో చేత్తో నొక్కి మరీ చూపించాను. విప్పి కొత్త చెక్కేద్దాం, రెండు నెలలాగమన్నాను. ఆగలేనన్నాడు. శనివారాలొచ్చి పైన షీటు తనే అతికించుకున్నాడు."

శనివారాలు తనకి ఓవర్‌టైం అని నాతో చెప్పేవాడు.

"నిన్ను కూడా కూర్చోబెట్టి చెప్తానంటే, 'నేను చెప్పేశాను అంకుల్, తను ఒప్పుకుంది, మళ్ళీ తన ముందు ఆ మాటెత్తకండి' అన్నాడమ్మా. అయినా మనసొప్పక ఆ రోజు నిన్నడిగాను. మీరుండగా మాకేంటి అన్నావు."

"మరి కొమ్మ పడిందని..."

"కొమ్మేంటమ్మా?" అంది ఆంటీ.

తల కొట్టేసినట్టయింది. కారదన్నారు, గట్టిదన్నారు, అంకులే చెప్పారు. ఒక్కటి కూడా అంకుల్ నోట్లోంచి రాలేదు. అన్నీ ఈయన కల్పించి, నా మొహంలోకి చూస్తూ చెప్పిన మాటలే. ఆ సూట్‌కేసు నా కాలి కోసం కాదు. ఆ ఆమెన్ ఏ నోటితో అన్నాడో!

ఆంటీ మజ్జిగ గ్లాసు చేతిలో పెడితే తాగకుండా బల్ల మీద పెట్టేశాను. "క్షమించండి అంకుల్" అన్నాను. "నాకు కాదమ్మా..." అని ఆయన ఏదో అనబోయి మానేశారు.

తిరిగి వస్తుంటే కారులో ఆయనే మొదలుపెట్టాడు. ఎలా చెప్పాలో తెలీలేదన్నాడు. ఎండలు ముదిరాక మెల్లగా బాగుచేద్దామనుకున్నానన్నాడు. నేను పిక్కకి చుట్టిన చున్నీ బిగించుకున్నాను. అంకుల్ మోసం చేసి ఉంటే నాలుగు తిట్లు తిట్టి, ఇద్దరం కలిసి ఏడ్చి, ఇద్దరం కలిసి ఆ గుంట పూడ్చుకునేవాళ్ళం. ఈ మనిషి నన్ను మోసం చేశాడు. అంతటితో ఊరుకున్నాడా? తన అమాయకత్వం కోసం నేను పరాయి ఇంట్లో గొంతు చించుకుంటుంటే పక్కనే నిలబడి విన్నాడు. వెళ్ళేటప్పుడు దారిలో ఎన్ని సిగ్నళ్ళు పడ్డాయి! ఏ ఎర్ర లైటు దగ్గరైనా ఒక్క మాట చెప్పొచ్చు. ప్రతిసారీ గేరు మార్చి ముందుకే పోనిచ్చాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

చేను దగ్గర కారు ఆగగానే దిగి, కుంటుకుంటూ ట్రైలర్ ఎక్కి, లోపల గడి పెట్టుకున్నాను. గుంటకి ఇవతల, మంచం అంచున కూర్చున్నాను. కాసేపటికి ఆయన మెట్టు మీద కూర్చున్న చప్పుడైంది.

"తలుపు తియ్యవే."

నేను కదల్లేదు.

"నీతో ఒక గదిలో ఉండాలని... అంతేనే. ఇంకేం లేదు. ఏడాదిన్నర అయిపోయింది."

తలుపు మీద వేళ్ళతో మెల్లగా కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

"నిజం చెప్తే నువ్వు రానంటావని భయమేసింది."

"వచ్చేదాన్ని," అన్నాను.

కొట్టడం ఆగిపోయింది.

"పుచ్చిందని చెప్పుంటే, నేలంతా పుచ్చిందని చెప్పినా, వచ్చేదాన్ని."

నేను గడి తియ్యలేదు.