ఊచల అవతల నాయనమ్మ

నా చిన్నప్పుడు, తొంభయ్యో దశకంలో, ఒక వేసవి సెలవుల్లో మా నాయనమ్మ పట్టుబట్టి నన్నూ నాన్ననూ అండమాన్ తీసుకువెళ్ళింది. విజయవాడలో రైలెక్కి, విశాఖలో ఓడెక్కాం. ఆమె పుట్టింది ఆ దీవుల్లోనే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ దీవుల్ని ఆక్రమించిన జపాను సైనికులు గూఢచారి అన్న అనుమానంతో ఆమె నాన్నను పోర్ట్ బ్లెయిర్ జైల్లో పెట్టారట. ఆయన తిరిగి రాలేదు. యుద్ధమయ్యాక తల్లీ కూతుళ్ళు విజయవాడ పటమటలోని బంధువుల దగ్గరకు చేరారు. ఆ జైలు ఇప్పుడు స్మారక మ్యూజియం. దాన్ని చూడాలనే నాయనమ్మ అంత దూరం వచ్చింది.

తీరా గేటు దాటాక ఆమె ఆగిపోయింది. "మీరు చూసి రండ్రా, నా వల్ల కావట్లేదు" అంటూ ఆవరణలో బెంచీ మీద కూలబడింది.

లోపల వరసగా ఖైదీల గదులు. ఒక్కోదానికి ఇనప ఊచల తలుపు, వెనక గోడకు అందనంత ఎత్తులో చిన్న కిటికీ. నేనొక గదిలోకి వెళ్ళి కిటికీ వైపు చూస్తుంటే, యాత్రికుల్లో ఒకాయన సరదాకి తలుపు లాగి గడియ పెట్టాడు. అది బిగుసుకుపోయింది. ఆయన ముఖంలో నవ్వు మాయమవడం చూశాక నాకు నిజంగా భయం వేసింది. నాన్న ఎంత లాగినా రాకపోవడంతో సిబ్బంది కోసం పరుగెత్తారు. గోడలు మీదికొస్తున్నట్టనిపించి గట్టిగా ఏడ్చాను. ఎవరో "భయపడకు పాపా" అన్నారు. దాంతో ఏడుపు ఇంకా ఎక్కువైంది.

అప్పుడు నా ఏడుపు విని రొప్పుతూ నాయనమ్మ వచ్చింది. నేల మీద కూర్చుని ఊచల మధ్య నుంచి నా చెయ్యి పట్టుకుంది. గది గోడల వైపు చూడకుండా కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నీకూ భయంగా ఉందా నాయనమ్మా?"

"ఉందే. చచ్చేంత భయంగా ఉంది. అయినా నువ్వు బయటికొచ్చేదాకా కదల్ను. మన వీధి చెప్పు, ఒక్కో ఇల్లూ."

సైకిల్ షాపుతో మొదలుపెట్టాను. టైలరు ఇల్లు, పాలావిడ ఇల్లు... మధ్యలో ఆమె మెల్లిగా అంది: "మా అమ్మ రోజూ ఈ జైలు గోడ బయట నిలబడి మాట్లాడేది. మా నాయనకి వినపడిందో లేదో."

సిబ్బంది వచ్చి సుత్తితో కొడితే గడియ ఊడింది. నాన్న నన్ను ఎత్తుకున్నారు. నాయనమ్మ మాత్రం లేచి, ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళి, గోడను అరచేత్తో కాసేపు తాకి వచ్చింది.

చీకటి గదులంటే నాకు ఇప్పటికీ భయమే. కానీ మా వాళ్ళెవరినైనా ఆపరేషన్‌కు తీసుకెళ్ళే ముందు, "భయపడకు" అనడం నాకు చేతకాదు. చెయ్యి పట్టుకుని, నాకూ భయంగానే ఉందని చెప్పి, పక్కనే కూర్చుంటాను.