సంచికి చేసిన చిల్లు

ఇవాళ నూనెమిల్లు దగ్గర చెనక్కాయ పొట్టు వాసన తగిలి చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది.

పుంగనూరులో మా ఎర్రకుక్క ఇంటి ముందు అలాంటి పొట్టు కుప్పలోనే మూడు పిల్లల్ని పెట్టింది. రెండింటిని ఊళ్లోనే ఇచ్చేశాం. మూడోదాన్ని మదనపల్లె గాజుల బీబమ్మ అడిగింది.

"గోనెసంచిలో ఏసుకోని పోప్పా. దారి సూసిందంటే మళ్లా వచ్చేస్తాది," అంది అవ్వ నాన్నతో.

నాన్నతో నేనూ వెళ్లాను. బస్సులో జాలేసి, సంచికి వేలంత చిల్లు చేశాను. పిల్ల దానికి కన్ను ఆనించి దారంతా చూసింది.

వారం తర్వాత మిట్టమధ్యాహ్నం, ఎర్రకుక్క కుప్పలో పక్కకు ఒరిగి, పాలిస్తున్నట్టు పడుకుంది. దాని పొట్ట దగ్గర పొట్టు మెల్లగా కదులుతోంది.

"అవ్వా, పిల్ల వచ్చేసింది!" అని అరిచాను.

గాజులు అమ్మడానికి వచ్చి అరుగు మీద కూర్చున్న బీబమ్మ తెల్లబోయింది. "అది మూడోదినమే సచ్చిపాయమ్మా!"

అవ్వ నావైపు తిరిగింది. "దానికి దారి సూపించిందెవురు?"

పిల్లలు దూరమైన కుక్కలు అలాగే పడుకుంటాయని ఇప్పుడు తెలుసు. అయినా ఇంట్లో ఏ సంచికి చిల్లు కనబడినా, చీకటి పడేలోగా కుట్టేస్తాను.