పక్కంగడి బోణీ

కోయిలకుంట్ల పోయే దారిలో మా ఊరు. బస్టాండు ఎదురుగా మాది బొరుగుల ఉగ్గాని, బజ్జీల అంగడి. మా మామగారు పోయినప్పటినుంచీ ఆ బాండలి ముందు నిలబడేది నేనే. ఊళ్లో నా బజ్జీలకు వంక పెట్టినవాళ్లు లేరు. ఒకసారి పెట్టినవాళ్లు నా నోటికి జడిసి రెండోసారి పెట్టరు.

రెండేళ్ల కిందట నా అంగడి పక్కన ఒక పిల్ల మోమోల బండి పెట్టింది. మణిపూర్ పిల్ల. మొగుడికి సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికితే అంతకు మూడేళ్ల ముందే వచ్చారట. తెలుగు మా యాసలోనే పట్టేసింది. మా బజారులో ఒక పద్ధతి ఉంది. కొత్త అంగడి తెరిచిన రోజు పక్కంగడివాళ్లే పోయి బోణీ చెయ్యాలి. నేను పోలేదు. గిన్నెలు తోముకుంటున్నట్టు నటిస్తూ ఓరకంట చూశాను. పొద్దు వాలేదాకా ఆమె దగ్గరికి ఒక్క మనిషి రాలేదు. నా ప్రాణం హాయిగా ఉండింది.

మర్నాడు పొద్దున్నే నేను మొదటి వాయి బజ్జీలు తీస్తుంటే ఆ పిల్లే వచ్చి నిలబడింది.

"అక్కా, పక్కంగడికి బోణీ చెయ్యాలంట కదా ఈడ. వాచీల తాత చెప్పినాడు. ఒక ప్లేటు ఉగ్గాని ఇయ్యి."

వాచీల తాత అంటే మా వరసలోనే వాచీలు బాగుచేసే పెద్దాయన. ఆయన చెప్పింది అంగడి తెరిచిన రోజు మాట. ఈమె రోజూ చెయ్యాలనుకుంది. ఆ పొద్దు, ఆ మర్నాడు, ఆ తర్వాత రెండేళ్లు, ఒక్క పూట తప్పకుండా వచ్చి నాకు బోణీ చేసింది. అది ఒక్కరోజు పద్ధతేనని నేను చెప్పలేదు. ఎందుకు చెబుతాను? ఆమె చెయ్యి మంచిది. ఆమె బోణీ చేశాక వాయి మీద వాయి తీసినా చాలేది కాదు. మంచి చెయ్యి కూడా ఆమెకే ఉందని దానికీ నాకు ఒళ్లు మండేది.

సాయంత్రాలు మాత్రం ఆమెవే. కాలేజీ పిల్లలంతా ఆ బండి చుట్టూ మూగేవాళ్లు. నా దగ్గర ఇరవై ఏళ్లు మిరపకాయ బజ్జీ తిన్నవాళ్లు నాకు వీపు పెట్టి మోమోలు తినేవాళ్లు. నేను కళ్లల్లో నిప్పులు పోసుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు నా కూతురే ట్యూషన్ నుంచి వస్తూ అక్కడ ఆగి తిని వచ్చి, "అమ్మా, ఆ ఎర్ర చట్నీ నువ్వు కూడా చెయ్యరాదా?" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

అంగళ్లవాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. బండ్లవాళ్లను అందులో చేర్చుకోలేదు. ఒకరోజు అందులో మురుగుకాలువ గురించి ఎవరో ఎత్తారు. బండ్లన్నీ కాలువ బండల మీదే పెట్టారు, వానొస్తే నీళ్లు పోవడంలేదు అని. బండ్లు పదిదాకా ఉన్నాయి. నేను ఫోను తీసి, 'ముందు ఆ చైనా బండి సంగతి చూడండి' అని పెట్టాను.

ఆ మాట ఏం చేస్తుందో నాకు తెలియదా? బాగా తెలుసు. కోస్తాలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీలో సీమకు నీళ్ల గురించి చర్చ పెట్టారు. మా ఊళ్లో ట్యాంకరు కోసం ఆడవాళ్లు ఎంతసేపు నిలబడతారో చెబుదామని లేచాను. వెనక బెంచీలోంచి ఒకడు, "సంచిలో బాంబులున్నాయేమో చూడండిరా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత గంటసేపు బాంబుల గురించే మాట్లాడారు. నీళ్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేను కూర్చుని ఏడుపు దిగమింగుకున్నాను.

అంత తెలిసినదాన్ని ఆ మాట పెట్టాను. గంటలో గ్రూపంతా అదే మాట.

ఆదివారం మధ్యాహ్నం కల్యాణమండపంలో అంగళ్లవాళ్ల వరకే మీటింగు పెట్టారు. ఆ పొద్దున బోణీ చేస్తూ ఆ పిల్ల అడిగింది.

"మా ఆయనకు ఫ్యాక్టరీలో పని పోయింది అక్కా. ఇంగ ఈ బండే దిక్కు. నువ్వు చెప్తే అందరూ ఇంటారు. ఒక్క మాట చెప్పు."

"చూస్తాలే" అన్నాను.

మీటింగులో కాలువ గురించి రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు.

"ఆడ సరిహద్దులో మనోళ్లు సస్తాంటే, ఈడ చైనావోళ్ల తిండి తింటాండామే" అన్నాడు ఒకాయన.

"దాంట్లో ఏం మాంసం ఏస్తారో ఎవురికి ఎరుక?" అన్నాడు ఇంకొకాయన.

అప్పుడు వాచీల తాత లేచాడు. "కాలవ సంగతి మాట్లాడండప్పా. ఆ చైనా పిల్లది కూడా మన దేశమే. ఓటు కార్డు ఉండాది."

ఆమె తరఫున లేచిన ఒక్క మనిషి ఆయన. ఆయన నోట కూడా నా మాటే వచ్చింది. వెనకనుంచి ఎవరో, "ఇన్నారా, తాత గూడా చైనా అనె" అన్నారు. మండపమంతా నవ్వులు. తాత కూర్చున్నాడు.

నోరు తెరిస్తే బజారంతా వినే నోరు నాది. ఆ రోజు కుచ్చిళ్లు సర్దుకుంటూ కూర్చున్నాను. లోపల సంతోషంగా కూడా ఉండింది, దాచను. తీర్మానాల పుస్తకంలో 'చైనా బండిని బస్టాండు వద్దనుండి తొలగించుట' అని రాసి సంతకాలు పెట్టించారు. మూడో సంతకం నాది. మిగతా బండ్లు ఇప్పటికీ ఆ కాలువ మీదే ఉన్నాయి.

మర్నాడు ఆమె రాదనుకున్నాను. మొదటి వాయి తీస్తుండగా వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"బోణీ అయ్యిందా అక్కా?"

"లేదు" అన్నాను.

ఉగ్గాని తీసుకుని నిలబడే తినింది. "మధ్యాన్నం బస్సుకు కడపకు పోతాండాం. ఆడ మా ఆయన దోస్తు ఉండాడు, యాడన్నా పని సూపిస్తాడంట" అంది. ప్లేటు కింద పెట్టి జీన్సు జేబులోంచి నోటు తీసింది.

"నీకు ఒక మాట చెప్పల్ల అక్కా. ఈ బజార్లో అందరూ నన్ను చైనా అన్నారు. నువ్వొక్కదానివే ఎప్పుడూ అనలా."

డబ్బులు వద్దు తల్లీ అందామనుకున్నాను. బోణీ ఊరికే ఇవ్వకూడదు. నోటు తీసుకుని, రోజూ చేసే అలవాటు కొద్దీ, ఆమె ముందే కళ్లకద్దుకున్నాను.