హేచరీలో రేడియో అక్క

ఆమె అసలు పేరు హేచరీ హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ ఆమె రేడియో అక్క. తండ్రికి రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. ఈడుపిల్లలు లక్కపిడతలతో, గవ్వలతో ఆడుకుంటుంటే ఆమె సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని తండ్రి పక్కన కూర్చునేది. పదహారేళ్లు వచ్చేసరికి, వెనక మూత తీయకుండానే గరగరను బట్టి లోపల ఏ భాగం పోయిందో చెప్పేది. తర్వాత తండ్రి కాలం చేశాడు, జనం రేడియోలు బాగుచేయించుకోవడం మానేశారు, కొట్టుకు తాళం పడింది. ఆమె కోడిగుడ్లు పొదిగించే ఈ హేచరీలో చేరింది. చీకటి గదిలో కూర్చుని, గుడ్డును దీపానికి ఎదురుగా పట్టి, లోపల ప్రాణం పోసుకుందో లేదో చూసి పక్కన పెట్టడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే కుర్చీ, అదే దీపం.

ఆ ఏడాది హేచరీకి కొత్త పొదిగే యంత్రం వచ్చింది. గదంత పెట్టె, పదివేల గుడ్లు పడతాయి, తలుపు మీద ఎర్రటి అంకెలు. సూపర్‌వైజర్ పొద్దున వస్తూనే తన చేతిరుమాలుతో ఆ అంకెల అద్దం తుడిచేవాడు. లోపల వేడి ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గర కదలకుండా నిలవాలి. గోడకున్న సెన్సర్ ఆ వేడిని కొలిచి, తీగ గుండా కంట్రోలర్‌కు కబురు పంపుతుంది. వేడి తగ్గితే హీటర్ వెలుగుతుంది, పెరిగితే ఆరుతుంది.

వచ్చిన చిక్కల్లా లోపలి గాలిని కలిపే ఫ్యాను తిరిగినప్పుడే. మోటారు అందుకోగానే అంకెలు ఒక్క గంతులో నలభై దాటేవి. గుడ్లు ఉడికిపోతున్నాయనుకుని కంట్రోలర్ హీటర్ ఆపేసేది. నిజానికి లోపల చల్లబడుతూ ఉండేది. మొదటి విడతలో సగం పిల్లలే బయటికొచ్చాయి, వాటికీ నిలబడే ఓపిక లేదు.

యంత్రం అమ్మిన కంపెనీ నుంచి ఇంజనీరు వచ్చి సెన్సర్ పోయిందన్నాడు, మార్చాడు. మళ్లీ అదే వరస. ఇంకోటి మార్చాడు, ఆ తర్వాత మూడోది. ఆఖరికి కంట్రోలరే మార్చాలని చెప్పి, అది రావడానికి నెల పడుతుందని వెళ్లిపోయాడు. ఈలోగా రెండో విడత గుడ్లు లోపల ఉన్నాయి.

టీ వేళకు రేడియో అక్క సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లింది.

"సార్, ముగ్గురు సాక్షులు ఒకే మాట చెబుతుంటే ముగ్గురూ అబద్ధాలకోరులేనా? దారిలో ఎవరో చెవి కొరుకుతున్నారేమో చూడొద్దూ?"

"అంటే?"

"మా అత్తగారు చెవికి మిషను పెట్టుకుంటుంది. సంతకు వెళ్తే తీసి పారేస్తానంటుంది. నా మాట ఎంత పెద్దదవుతుందో, పక్కవాళ్ల గోల కూడా అంతే పెద్దదవుతుందట. ఈ సెన్సర్ పంపేది చీమ గుసగుసంత వోల్టేజీ. అది అంత దూరం తీగలో వచ్చాక కంట్రోలర్ పెద్దది చేసుకుంటుంది. దార్లో కలిసిన గోలను కూడా."

సూపర్‌వైజర్ నమ్మినట్టూ నమ్మనట్టూ తల ఊపాడు. "చూడు. కానీ యంత్రం ఆగకూడదు."

మర్నాడు ఆమె పాత రేడియో ఒకటి పట్టుకొచ్చింది. చప్పుడు పెద్దది చేసే దాని ఆంప్లిఫైయర్‌కు సెన్సర్ తీగ తగిలించి, స్పీకర్ బల్ల మీద పెట్టింది. నిశ్శబ్దం. "ఫ్యాను వెయ్యండి సార్" అంది. ఫ్యాను తిరిగింది. స్పీకర్ గుయ్‌య్‌మని అరిచింది. గుడ్ల ట్రేలు మోసేవాళ్లంతా పని వదిలేసి మూగారు. సూపర్‌వైజర్ ఫ్యాను ఆపాడు, గోల ఆగింది. మళ్లీ వేశాడు, మళ్లీ మొదలు. ముచ్చటపడి ఇంకో నాలుగుసార్లు వేశాడు.

తీగ వెంట వెతుక్కుంటూ వెళ్తే సంగతి బయటపడింది. సెన్సర్ తీగా, మోటారు కరెంటు తీగా ఒకే పైపులో పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. ఆమె సెన్సర్ తీగను బయటికి లాగి, రెండు పోగులనూ జడలా మెలిపెట్టి, పైన గోలను ఆపే లోహపు జల్లెడ తొడుగు వేసి, ఆ తొడుగును ఎర్త్ చేసి, వేరే గోడ మీదుగా తెచ్చింది. ఒక రేకు డబ్బాలో ఎనిమిది కాళ్ల చిప్పుతో చిన్న ఆంప్లిఫైయర్ కట్టి సెన్సర్ పక్కనే బిగించింది. గుసగుసను బయల్దేరిన చోటే మాటగా మారిస్తే దారిలో గోల దాన్ని మింగలేదు కదా. కంట్రోలర్ దగ్గర ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ పెట్టింది. గబగబా ఊగే వోల్టేజీని ఆ జంట అణిచేస్తుంది, మెల్లగా మారేదాన్ని పోనిస్తుంది. పెద్దదైన వోల్టేజీ లెక్కకు తగ్గట్టు కంట్రోలర్‌ను సరిదిద్దింది. ఎందుకైనా మంచిదని లోపల ఒక గాజు థర్మామీటరు కూడా వేలాడదీసింది.

ఫ్యాను వేస్తే అంకెలు రాయిలా నిలబడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

పది నిమిషాల తర్వాత ఆమె యంత్రం తలుపు కిటికీలోంచి గాజు థర్మామీటరు చూసింది. అది ముప్పై తొమ్మిది చూపిస్తోంది. ఎర్ర అంకెలు మాత్రం ఇంకా ముప్పై ఏడున్నర కూడా అందుకోలేదు. హీటర్ మండుతూనే ఉంది.

పరుగున వెళ్లి హీటర్ ఆపేసింది, తలుపులు బార్లా తెరిచింది. సూపర్‌వైజర్ అడగకముందే తనే చెప్పింది.

"తప్పు నాదే సార్. గోల బొత్తిగా వినపడకూడదన్న ఆశతో పెద్ద కెపాసిటర్ పెట్టేశాను. అది నిండేసరికి నిమిషాలు పడుతోంది. లోపల వేడెక్కిన కబురు మనకు నిదానంగా చేరుతోంది."

సూపర్‌వైజర్ మొహం కందగడ్డ అయింది. "గుడ్లు?"

"ఎక్కువసేపు కాలేదు. కానీ ప్రాణం సంగతి, మాటివ్వలేను."

ఆయన తిట్టలేదు. కుర్చీ లాక్కుని థర్మామీటరు ఎదురుగా కూర్చుని, "నేను చూస్తుంటా, నువ్వు మార్చు" అన్నాడు. ఆమె ఈసారి కాగితం మీద లెక్కవేసుకుంది. వెయ్యి మైక్రోల కెపాసిటర్ తీసి, దానిలో నూరో వంతు పట్టే పది మైక్రోలది పెట్టింది. ఇప్పుడు కబురు ఒకటి రెండు సెకన్లలో చేరుతుంది, మోటారు గోల మాత్రం ఆగిపోతుంది. సాయంత్రానికి అంకెలూ గాజు థర్మామీటరూ ఒకే మాట మీదికి వచ్చాయి. తర్వాత మూడు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. దీపం గదిలో ప్రతి గుడ్డునూ రెండేసి సార్లు చూసింది.

గుడ్లు లోపల పెట్టిన ఇరవై ఒకటో రోజు పొద్దున ట్రేలు లాగితే పదింట తొమ్మిది గుడ్లు పగిలి ఉన్నాయి. గదినిండా కిచకిచ. సూపర్‌వైజర్ ఒక పిల్లను అరచేతిలో పెట్టుకుని ఆమెకు అందించాడు.

నెల తిరగ్గానే ఇంజనీరు కొత్త కంట్రోలర్ పెట్టెతో దిగాడు. రేకు డబ్బా మూత తీసి చాలాసేపు చూశాడు.

"ఇది ఎవరు చేశారండీ?"

"నేనే."

"ఎక్కడ చదువుకున్నారు?"

"మా నాన్న కొట్లో."

ఆయన నవ్వి, తీగ మీది జల్లెడ తొడుగు చూపించాడు. "దీన్ని రెండు చివర్లా ఎర్త్ చేశారు. ఒక్క చివరే చెయ్యండి, మిగిలిన ఆ కాస్త గోలా పోతుంది." ఆమె అప్పటికప్పుడే ఒక చివర ఊడదీసి చూసింది. నిజమే. ఆ మాట తనకు తట్టనందుకు కాస్త ఉడుక్కుంది కూడా.

ఆయన తెచ్చిన పెట్టె విప్పకుండానే వెనక్కి పట్టుకెళ్లాడు. ఆ వారంలోనే రేడియో అక్కకు యంత్రాల గదిలో బల్ల వేశారు. బల్లకు అటువైపు కుర్చీ వేసుకుని సూపర్‌వైజర్ మొదటి ప్రశ్న అడిగాడు: "ఆ రెసిస్టర్ మీద రంగు గీతలేంటో, మొదటి నుంచి చెప్పు."