ఉదాహరణే కదా అని

ఈ రోజు మా కాలేజీ ల్యాబులో ప్రాజెక్టు పరీక్ష. ల్యాబు కోడ్‌కు డాక్యుమెంటేషన్, అంటే ఎలా వాడాలో చెప్పే రాతలు, రాసేది నేనే. కోటబొమ్మాళి పిల్ల సుజాత రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన వర్షపాతం లెక్కల ప్రోగ్రాం, అసలు లేని ఒక ఫైలు పేరును పరీక్షకురాలు ఇవ్వగానే కుప్పకూలింది. మార్కులు పోయినట్టేనని ఆ పిల్ల మొహం వాడిపోయింది. కోడ్‌లో చూస్తే 'అన్‌ర్యాప్' ఉంది. ఫైలు దొరక్కపోతే ప్రోగ్రాంను అక్కడికక్కడే ఆపేసే మాట అది.

"ఇలా ఎందుకు రాశావమ్మా?" అన్నాను.

"మీరు రాసిన డాక్యుమెంటేషన్‌లో ఉన్నాదే దించీసాను మేడమ్."

"అది ఉదాహరణే కదే! పొట్టిగా ఉంటుందని అలా రాశాను."

"మేం దించీది ఉదాహరణలే గదండీ!"

పరీక్షకురాలు నవ్వేశారు. తప్పు నాదని ఒప్పుకుని పది నిమిషాలు అడిగాను. సుజాత అన్‌ర్యాప్ తీసేసి, తప్పును తనను పిలిచిన పై ఫంక్షన్‌కు అప్పగించే ప్రశ్నార్థకం గుర్తు (?) పెట్టి, అక్కడ చెప్పాల్సిన మాట రాసింది. ఈసారి ప్రోగ్రాం 'ఫైలు దొరకలేదు' అని మర్యాదగా చెప్పి ఆగింది. మార్కులు దక్కాయి.

సాయంత్రం కూర్చుని నా ఉదాహరణలన్నీ మార్చాను. గ్యాస్ కట్టేశానో లేదో మూడుసార్లు చూసుకునే నేను, ఫైలు ఉండి తీరుతుందని మాత్రం అంత ధీమాగా ఎలా రాశానో! మీ ఉదాహరణలను ఎవరు దించుకుంటున్నారో మీరెప్పుడైనా చూసుకున్నారా?